పాత ఫోటోలో ఉన్న విమానం ఏదో కనిపెట్టడం ఎలా: 1919–1939 నాటి విమానాల కోసం

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, రెండోది మొదలయ్యేలోపు గడిచిన ఇరవై ఏళ్లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ చిన్నా పెద్దా కంపెనీలు లెక్కలేనన్ని విమానాలు కట్టాయి. కొన్ని రకాలు వేలల్లో వచ్చాయి. కొన్ని ఒకటో రెండో కట్టి ఆపేశారు. జర్మనీలో యుంకర్స్ కంపెనీ కట్టిన పెద్ద విమానం జీ-38 రెండంటే రెండే తయారైంది. పేరున్న కంపెనీ సంగతే ఇలా ఉంటే, ఒక్క నమూనా ఎగరేసి మూతపడ్డ కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటి విమానానికి ఇవాళ మిగిలింది ఒకటో రెండో ఫోటోలే కావచ్చు. ఆ ఫోటోల్లో ఒకటి మీ చేతికి వస్తే దాన్ని సరిగ్గా గుర్తుపట్టడం చరిత్రకు పనికొచ్చే పని. తప్పు పేరు రాస్తే, దాన్ని చూసి ఇంకో పదిమంది అదే తప్పు రాస్తారు.

ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మే సూత్రం ఒకటే: పేరు చివర్లో రావాలి. ఫోటో చూడగానే "ఇది టైగర్ మాత్" (ఆ కాలపు బ్రిటిష్ రెండు రెక్కల శిక్షణ విమానం) అని మనసులో అనేసుకున్నామా, ఇక ఆ పేరుకి సరిపోయేవే కంటికి కనబడతాయి. సరిపోనివి నీడలనో గీతలనో సర్దుకుపోతాం. కాబట్టి ముందు కనబడేదంతా రాసుకోండి, తర్వాత కాని వాటిని ఒక్కొక్కటిగా కొట్టేయండి, అప్పుడు మిగిలినదానికి పేరు పెట్టండి.

ముందు మంచి స్కాన్ తీసుకోండి

పోస్ట్‌కార్డు సైజు ఫోటో అయితే 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. జేపెగ్‌లో సన్న గీతల చుట్టూ మరకలు పడతాయి. మనకు కావలసింది ఆ సన్న గీతలే. వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు, తపాలా ముద్రలో తేదీ, ఏదైనా దారి చూపించవచ్చు. పెన్సిల్ రాత చెరిగిపోయి ఉంటే లైటును ఒక పక్క నుంచి, కాగితానికి దాదాపు సమాంతరంగా వేసి చూడండి. పెన్సిల్ నొక్కిన గాడి నీడ పడి అక్షరాలు తేలతాయి. ఆల్బమ్‌లో అంటించిన ఫోటోని పీకకండి. ఉన్నచోటే, పేజీ మొత్తం కనబడేలా తీయండి. పక్కనున్న ఫోటోలు కూడా సాక్ష్యమే. ఒకే రోజు తీసిన నాలుగింట్లో ఒకదాని మీద తేదీ ఉండొచ్చు.

ఒక విషయంలో మాత్రం చాలా పట్టుదలగా ఉండండి. ఫోటోని ఏఐ యాప్‌లో పెట్టి "క్లియర్" చేసి దాన్ని చూసి గుర్తుపట్టకండి. ఆ యాప్ మసకగా ఉన్నచోట లేని రివెట్లు, లేని కిటికీలు, లేని అక్షరాలు గీసి పెడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ కిటికీ 1931లో ఆ విమానానికి లేదు. వెలుగు, కాంట్రాస్ట్ మార్చుకోవడం వరకే పరిమితం కండి. అది కూడా ఒరిజినల్ స్కాన్ పక్కన పెట్టి, కాపీ మీదే చేయండి.

ఫోటో తిరగబడి ఉందేమో చూడండి

నెగటివ్‌ని బోర్లా పెట్టి ప్రింట్ తీస్తే కుడి ఎడమ అవుతుంది. అక్షరాలు ఉంటే వెంటనే తెలిసిపోతుందనుకుంటాం, కానీ ఎప్పుడూ కాదు. ఇంగ్లీషులో ఏ, హెచ్, ఐ, ఎం, ఓ, టీ, యూ, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై అద్దంలో చూసినా అలాగే ఉంటాయి. మన దేశపు విమానాలకు 1929 నుంచి ఉన్న రిజిస్ట్రేషన్ గుర్తు వీటీ. ఆ రోజుల్లో దాని తర్వాత అక్షరం ఏ. మూడూ అద్దంలో మారని అక్షరాలే. విమానం పక్కన జనం నిలబడి కొంత భాగం కప్పేస్తే, తిరగబడిన ఫోటోలో "ఏ-టీవీ" అని ఏ లోపమూ లేకుండా కనబడుతుంది. అలాంటి గుర్తు ఏ దేశానిదని వెతుకుతూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. చిన్న గీత ఎక్కడుందో చూడండి. మొదటి రెండక్షరాల తర్వాత ఉండాల్సినది చివరి రెండక్షరాల ముందు ఉంటే ఫోటో తిరగబడిందన్నమాట.

అక్షరాలే లేకపోతే మనుషుల్ని చూడండి. మగవాళ్ల చొక్కాలకు, కోట్లకు గుండీలు వాళ్ల కుడివైపు ఉంటాయి. సైనికుల పతకాల రిబ్బన్లు, బ్రిటిష్ వాయుసేన పైలట్ బ్యాడ్జి ఎడమ రొమ్ము మీద ఉంటాయి. ఇవి తారుమారైతే ముందు ఫోటోని తిప్పి, ఆ తర్వాత పని మొదలుపెట్టండి.

ఏ రంగు ఎలా పడిందో తెలుసుకోండి

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఆ కాలంలో రెండు రకాల ఫిల్ము వాడుకలో ఉండేది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనబడదు, అందుకని ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది. పసుపు కూడా ముదురుగా పడుతుంది. నీలం మాత్రం బాగా లేతగా, ఒక్కోసారి తెల్లగా పడుతుంది. పాంక్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగుల్నీ పట్టుకుంటుంది, అందులో ఎరుపు, నీలం రెండూ దగ్గరదగ్గర బూడిదరంగులుగా రావచ్చు.

ఇప్పుడు యుద్ధవిమానం మీది వలయాల గుర్తు తీసుకోండి. బ్రిటిష్ గుర్తులో మధ్యలో ఎరుపు, బయట నీలం. ఫ్రెంచ్ గుర్తులో మధ్యలో నీలం, బయట ఎరుపు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద బ్రిటిష్ గుర్తు నడుమ నల్లచుక్కతో, బయట వలయం వెలిసిపోయినట్టు కనబడుతుంది. ఫ్రెంచ్ గుర్తు దానికి సరిగ్గా తలకిందులు. ఫిల్ము ఏదో తెలియకుండా "బయట ముదురుగా ఉంది కాబట్టి నీలం, కాబట్టి బ్రిటన్" అని తేల్చేస్తే దేశమే మారిపోతుంది. పైగా మూడు రంగుల వలయాలు ఇటలీకి, బెల్జియంకి, రుమేనియాకి కూడా ఉన్నాయి.

ఫిల్ము ఏ రకమో ఆ ఫోటోలోనే వెతకాలి. ఆకాశం మబ్బుల జాడ లేకుండా తెల్ల కాగితంలా ఉందా? మనుషుల పెదవులు, ఎండకి కమిలిన ముఖాలు మరీ నల్లగా ఉన్నాయా? విమానాశ్రయాల్లో నిప్పార్పే బకెట్లకు సాధారణంగా ఎర్ర రంగు వేసేవారు, అవి నల్లగా పడ్డాయా? ఇలాంటివి రెండు మూడు కలిస్తే ఆర్థోక్రొమాటిక్ అనుకోవచ్చు.

బ్రిటిష్ వాయుసేన విమానమైతే తోక మీది నిలువు చారలు ఇంకొంచెం సాయం చేస్తాయి. 1930 దాకా ఫ్రెంచి వాళ్లకు మల్లే నీలం ముందు, ఎరుపు వెనక ఉండేవి. 1930లో ఆ వరుస తిరగేశారు. 1934లో చారలే తీసేశారు. రంగు ఏదో తేలితే సంవత్సరాల్లోకి దిగిపోవచ్చు.

విమానం ఆకారాన్ని మాటల్లో రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని, పేర్లు వాడకుండా, ఈ విమానం ఎప్పుడూ చూడని మనిషికి ఫోన్‌లో చెబుతున్నట్టు రాయండి. రెక్కలు ఒక జతా, రెండు జతలా? రెండైతే పైరెక్క కిందిదానికంటే ముందుకు జరిగి ఉందా? కింది రెక్క బాగా చిన్నదా? ఒక వైపు రెండు రెక్కల మధ్య ఎన్ని జతల స్తంభాలున్నాయి, అవి నిటారుగా ఉన్నాయా, ఎన్ అక్షరంలా ఉన్నాయా, డబ్ల్యూ అక్షరంలా ఉన్నాయా? ఇటలీ ఫియట్ సీఆర్-32 యుద్ధవిమానాన్ని ఆ డబ్ల్యూ ఆకారపు స్తంభాలతోనే దూరం నుంచి పట్టేయవచ్చు. తర్వాత వచ్చిన సీఆర్-42కీ అవే స్తంభాలు. కానీ దాని ముక్కు గుండ్రం, గాలితో చల్లబడే, సిలిండర్లు చక్రపు ఆకుల్లా చుట్టూ అమరిన రేడియల్ ఇంజిన్ది. సీఆర్-32 ముక్కు సన్నగా, ముందుకు సాగి ఉంటుంది.

రెక్క ఒకటే అయితే అది శరీరం పైన ఉందా, మధ్యలోనా, కిందనా? శరీరం పక్కన విరిగినట్టు కిందికి వంగి, మళ్లీ చాచుకుని గద్ద రెక్కలా ఉంటే పోలండ్ పీజెడ్ఎల్ కంపెనీ పీ-7, పీ-11, పీ-24 గుర్తుకు రావాలి. ఆ పీ-24లు టర్కీ, గ్రీస్, బల్గేరియా, రుమేనియాలకు వెళ్లాయి కాబట్టి దాని మీద పోలండ్ ఎరుపు తెలుపు గళ్లు లేనంత మాత్రాన కొట్టేయకండి.

చర్మం చూడండి. గుడ్డ కప్పిన విమానంలో లోపలి పక్కటెముకల్లాంటి కర్రలు పైకి తేలి కనబడతాయి. ప్లైవుడ్ అయితే నున్నగా ఉంటుంది. ఇంటి కప్పు మీద వేసే రేకుల్లా ముడతలుంటే అందరూ వెంటనే యుంకర్స్ అంటారు. చాలాసార్లు అది నిజమే, 1919 నాటి ఎఫ్-13 నుంచి జూ-52 దాకా వాళ్ల చర్మం అలాంటిదే. కానీ అమెరికాలో ఫోర్డ్ ట్రైమోటార్‌కీ, సోవియట్ యూనియన్‌లో తుపోలెవ్ టీబీ-1, టీబీ-3 బాంబర్లకీ అదే ముడతల రేకు. రెక్క ఎక్కడుందో చూస్తే సగం గొడవ తీరుతుంది. ఫోర్డ్ ట్రైమోటార్ రెక్క శరీరం పైన, జూ-52 రెక్క కింద.

తోకని వదలొద్దు. ముందు నుంచి తీసిన ఫోటోలో తోక చిన్నగా, మసకగా ఉంటుంది కాబట్టి చాలామంది దాటేస్తారు. డిజైనర్లు రెక్కలు, ఇంజిన్లు మార్చినా తోక ఆకారాన్ని ఒక విమానం నుంచి ఇంకో విమానానికి అలాగే తెచ్చుకునే అలవాటు ఉండేది. ఏ విమానమో తెలియకపోయినా ఏ కంపెనీయో తోకే చెప్పేస్తుంది.

కొలతల మాట. పక్కన మనిషి నిలబడి ఉంటే అతని ఎత్తుతో రెక్క పొడవు లెక్కవేయబోతాం. అతను విమానానికి అదే దూరంలో నిలబడితేనే ఆ లెక్క పనికొస్తుంది. కెమెరా వైపు రెండడుగులు ముందుకొస్తే లెక్క మారిపోతుంది. నిష్పత్తులు ఇంకా నమ్మకం. చక్రం వ్యాసం, ప్రొపెల్లర్ పొడవు, తోక ఎత్తు, ఒకదానికి ఇంకోటి ఎన్ని రెట్లో కొలిచి, తర్వాత మూడు వైపుల నక్షాలతో పోల్చండి.

ఇంజిన్ దగ్గర ఆగండి

విమానం వయసు ఎక్కువగా చెప్పేది ముక్కే. ముందు నుంచి కనబడితే సిలిండర్లు లెక్కపెట్టండి. బ్రిటిష్ వాయుసేన శిక్షణ విమానం ఆవ్రో 504 దీనికి మంచి ఉదాహరణ. యుద్ధకాలం నాటి 504కే రకానికి సిలిండర్లే గిరగిరా తిరిగే రోటరీ ఇంజిన్, ముక్కు చుట్టూ రేకు తొడుగు. 1920ల నడుమ నుంచి వచ్చిన 504ఎన్ రకానికి ఏడు సిలిండర్ల లింక్స్ రేడియల్ ఇంజిన్, సిలిండర్లు బయటికే కనబడతాయి.

రేడియల్ ఇంజిన్ చుట్టూ సన్నటి పట్టీలాంటి వలయం ఉంటే అది టౌనెండ్ రింగ్, 1929 నుంచి వాడుకలోకి వచ్చింది. ఇంజిన్ని వెనకదాకా పూర్తిగా కప్పే తొడుగును అమెరికాలో నాకా అనే ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ 1928లో తయారుచేసి చూపించింది. పాత విమానాలకు కూడా తర్వాత ఈ తొడుగులు తగిలించారు. అంటే రింగ్ కనబడితే "1929 కంటే ముందు ఫోటో కాదు" అని మాత్రమే అనగలం, "1929 తర్వాత తయారైన విమానం" అనలేం. ఈ తేడా ప్రతి అడుగులోనూ గుర్తుంచుకోండి. ఒక్కో వివరం పక్కన "దీనికి ముందు కాదు" అనో, "దీని తర్వాత కాదు" అనో రాసుకోండి. రెండు వైపుల నుంచీ బిగించుకుంటూ వస్తే మధ్యలో మిగిలేది ఒక్కోసారి మూడు నాలుగేళ్లే.

నీళ్లతో చల్లబడే ఇంజిన్ అయితే రేడియేటర్ ఎక్కడుందో వెతకండి. చక్రాల కాళ్ల మధ్య పీపాల్లాంటివి రెండు వేలాడుతుంటే 1920లలో ఫ్రెంచి వాళ్లు ఎక్కువగా వాడిన లాంబ్లాన్ రేడియేటర్లు. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకే ఇరుసు ఉంటే పాత పద్ధతి. 1930ల నడుమకి వచ్చేసరికి కాళ్లు లోపలికి ముడుచుకునే విమానాలు మామూలయ్యాయి.

మాత్ కుటుంబం మీద చేయి తిప్పండి

అరుదైన విమానాల జోలికి పోయే ముందు బాగా తెలిసిన ఒక కుటుంబాన్ని క్షుణ్నంగా నేర్చుకోండి. నేనైతే బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ మాత్‌లనే సూచిస్తాను. ఆనాటి భారతదేశంలో, ఆస్ట్రేలియాలో, ఆఫ్రికాలో తీసిన ఫోటోల్లో మళ్లీ మళ్లీ కనబడేవి ఇవే.

డీహెచ్-60 మొదటిసారి 1925లో ఎగిరింది. దాని తర్వాతి రూపం జిప్సీ మాత్. రెండు రెక్కలు, ఒకదాని వెనక ఒకటి రెండు తెరిచిన సీట్లు. దాని ఇంజిన్ నాలుగు సిలిండర్లు నిటారుగా నిలబడే రకం, అందుకని వాటి తలలు ముక్కు పైన రేకు దాటి బయటికి పొడుచుకొస్తాయి. ప్రొపెల్లర్ కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత వచ్చిన జిప్సీ త్రీ, జిప్సీ మేజర్ ఇంజిన్లను తలకిందులుగా వేలాడేలా కట్టారు. సిలిండర్లు కిందికి పోయాయి, ప్రొపెల్లర్ పైకి వచ్చింది, ముక్కు పైభాగం నున్నగా కిందికి జారింది. పైలట్‌కి ముందు దారి బాగా కనబడటం మొదలైంది. ఈ ఒక్క తేడాతో పాత మాత్‌ని, టైగర్ మాత్‌ని నూరడుగుల దూరం నుంచి విడదీయవచ్చు.

ముక్కు కనబడకపోతే రెక్కలు చూడండి. డీహెచ్-60 రెక్కలు శరీరానికి అడ్డంగా తిన్నగా ఉంటాయి. టైగర్ మాత్ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. దానికొక కారణం ఉంది. ముందు సీటు చుట్టూ స్తంభాలుంటే పారాచూట్ కట్టుకున్న మనిషి తొందరగా బయటికి దూకలేడు. అందుకని పైరెక్క నడిమి భాగాన్ని ముందుకు జరిపారు. అలా జరిపితే విమానం తూకం చెడుతుంది కాబట్టి రెక్కల కొసల్ని వెనక్కి లాగారు. కారణం తెలిస్తే ఆ వంపు ఇక మరిచిపోరు.

జిప్సీ మాత్‌లోనే రెండు రకాలున్నాయి. డీహెచ్-60జీ శరీరం ప్లైవుడ్ పెట్టె, పక్కలు చదునుగా ఉంటాయి. డీహెచ్-60ఎం శరీరం ఉక్కు గొట్టాలతో కట్టి గుడ్డ కప్పింది. పక్క నుంచి వెలుగు పడితే ఆ గుడ్డ కింద ముక్కు నుంచి తోక దాకా పొడవాటి గీతలు తేలతాయి. మంచి స్కాన్ ఎందుకు కావాలో ఇలాంటి చోటే తెలుస్తుంది.

మూసిన క్యాబిన్, పైన ఒకటే రెక్క ఉంటే పస్ మాత్ కావచ్చు, లెపర్డ్ మాత్ కావచ్చు. పస్ మాత్ రెక్క మొదలు నుంచి కొస దాకా ఒకే వెడల్పు, కొస గుండ్రం. లెపర్డ్ మాత్ రెక్క కొసకి పోను పోను సన్నబడుతుంది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి తమ సంస్థ తొలి టపా తెచ్చింది పస్ మాత్‌లోనే, దాని గుర్తు వీటీ-ఏడీఎన్. అక్కణ్నుంచి టాటా సహచరుడు నెవిల్ విన్సెంట్ బళ్లారిలో ఆగి మద్రాసు చేర్చాడు. అప్పట్లో బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అక్కడి తెలుగు ఇళ్లలో 1930ల నాటి విమానం ఫోటో దొరికితే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే, పైన ఒక్క రెక్క, మూసిన క్యాబిన్ ఉందా అని.

రెండు ఇంజిన్ల డ్రాగన్, డ్రాగన్ రాపిడ్ కూడా ఇలాగే. 1932లో వచ్చిన డ్రాగన్ రెక్కలు తిన్నగా, 1934లో వచ్చిన రాపిడ్ రెక్కలు కొసకి సన్నగా. రాపిడ్ చక్రాల కాళ్లకు పెద్ద తొడుగులు, అవి ఇంజిన్ తొడుగుతో కలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు అక్షరాలు, అంకెలు

1919లో పారిస్ ఒప్పందంతో పౌర విమానాలకు దేశాల వారీగా గుర్తులు వచ్చాయి. చాలా దేశాల గుర్తులు 1929 ప్రాంతంలో మారాయి. ఫోటో తేదీ కట్టడానికి ఇది గొప్ప ఆధారం. మన దేశపు విమానాలకు ముందు జీ-ఐ, తర్వాత వీటీ. ఆస్ట్రేలియాకి ముందు జీ-ఏయూ, తర్వాత వీహెచ్. కెనడాకి జీ-సీఏ పోయి సీఎఫ్ వచ్చింది. నెదర్లాండ్స్‌కి హెచ్-ఎన్ పోయి పీహెచ్, పోలండ్‌కి పీ-పీ పోయి ఎస్పీ, చెకోస్లొవేకియాకి ఎల్-బీ పోయి ఓకే. బ్రిటన్‌ది జీ-ఈతో మొదలయ్యేది, 1928 నుంచి జీ-ఏ వరుస. వీటీ గుర్తులు వరుసగా ఇచ్చుకుంటూ పోయారు కాబట్టి వీటీ-ఏడీ దగ్గర ఉంటే 1932 చుట్టుపక్కల అని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

జర్మనీ దారి వేరు. 1934 దాకా డీ పక్కన అంకెలు, ఆ తర్వాత నాలుగు అక్షరాలు. పైన చెప్పిన జీ-38 మొదటిది డీ-2000గా ఎగిరింది, తర్వాత అదే డీ-ఏజెడ్‌యూఆర్ అయింది. రెండోది డీ-2500, తర్వాత డీ-ఏపీఐఎస్. రెక్క ముందు అంచులో ప్రయాణికుల కోసం కిటికీలున్న విమానం కనబడి, పక్కన అంకెలుంటే ఫోటో 1934కి ఇవతలిది కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. పన్నెండు ఇంజిన్ల డోర్నియర్ డో-ఎక్స్ పడవ విమానం మీద డీ-1929 అని ఉంటుంది. అది మొదట ఎగిరింది కూడా 1929లోనే. చూసినవాళ్లు దాన్ని సంవత్సరం అనుకుంటారు. అది రిజిస్ట్రేషన్ అంకె మాత్రమే, 1932లో తీసిన ఫోటోలోనూ అదే ఉంటుంది.

జర్మన్ తోక మీది గుర్తులూ తేదీ చెబుతాయి. 1933 నుంచి తోకకి ఎడమవైపు స్వస్తిక, కుడివైపు నలుపు తెలుపు ఎరుపు చారలు. 1935 సెప్టెంబర్ తర్వాత రెండు వైపులా స్వస్తికే. అయితే స్వస్తిక కనబడగానే జర్మనీ అనకండి. ఫిన్లాండ్ వాయుసేన 1918 నుంచి 1945 దాకా నీలం స్వస్తిక వాడింది, లాత్వియా 1940 దాకా ఎరుపుది వాడింది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము సంగతి గుర్తుంటే ఆ రెండూ ఎలా వేరుగా పడతాయో మీరే చెప్పగలరు.

సగం అక్షరాలే కనబడితే కనబడిన భాగాన్నే రాయండి. ఈ కావచ్చు, ఎఫ్ కావచ్చు. సీ, జీ, ఓ కావచ్చు. 3 కావచ్చు, 8 కావచ్చు. వచ్చే కలయికలన్నీ రాసి ఒక్కొక్కటీ రిజిస్టర్లో చూడండి. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ తన పాత రిజిస్టర్ పేజీల్ని స్కాన్ చేసి జీ-ఇన్ఫో వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. కలయికల్లో ఎక్కువ భాగం వేరే ఆకారపు విమానాలవై ఉంటాయి, మీరు ముందే రాసుకున్న వర్ణన చూసి వాటిని కొట్టేయవచ్చు. అక్షరాలు స్పష్టంగా ఉన్నా ఆకారంతో సరిచూడండి. కొన్ని దేశాల్లో పాత విమానం పోయాక అవే అక్షరాలు ఇంకోదానికి ఇచ్చారు.

అక్షరాలే దిక్కయ్యే సందర్భాలూ ఉన్నాయి. 1933 ఏప్రిల్ 3న బీహార్‌లో పూర్ణియా దగ్గర నుంచి రెండు వెస్ట్‌లాండ్ విమానాలు ఎవరెస్ట్ మీదుగా ఎగిరాయి. ఒకటి జీ-ఏసీఏజెడ్, హ్యూస్టన్-వెస్ట్‌లాండ్. రెండోది జీ-ఏసీబీఆర్, వెస్ట్‌లాండ్ వాలెస్. ఒకే కంపెనీవి, రెండింటికీ పెగాసస్ ఇంజినే. దూరం నుంచి తీసిన ఫోటోలో అక్షరాలు లేకపోతే "రెండింట్లో ఒకటి" అని రాయడమే సరైన పని.

పుట్టిల్లు ఒకటి, ఎగిరిన చోటు ఇంకోటి

అరుదైన విమానాల దగ్గర చిక్కంతా ఇదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వర్సైల్స్ ఒప్పందం విమానాల తయారీలో జర్మనీని కట్టిపడేసింది కాబట్టి 1920లలో యుంకర్స్ స్వీడన్‌లో, డోర్నియర్ ఇటలీలో, రోర్‌బాక్ డెన్మార్క్‌లో కర్మాగారాలు నడిపాయి. లైసెన్సు మీద కట్టినవి ఇంకో గొడవ. బ్రిటన్‌లో ఆవ్రో టెన్ అనే మూడు ఇంజిన్ల విమానం అసలు డచ్ ఫోకర్ ఎఫ్-7 రకమే. జపాన్‌లో మిత్సుబిషి కట్టిన కీ-20 బాంబర్ మూలం ఆ జీ-38. విమానం జర్మన్‌లా ఉండి గుర్తు జపాన్‌దైతే ఫోటో అబద్ధమని కంగారు పడకండి, లైసెన్సు మాట ముందు గుర్తుకు తెచ్చుకోండి.

చోటు తెలుసుకోవడానికి వెనకనున్న కట్టడాలు చూడండి. లండన్ క్రాయ్‌డన్ విమానాశ్రయపు కొత్త టెర్మినల్ 1928లో తెరిచారు, అది కనబడితే ఒక హద్దు దొరికినట్టే. కరాచీలో బ్రిటన్ వారి ఆర్-101 ఎయిర్‌షిప్ (వాయువుతో తేలే భారీ గాలి ఓడ) కోసం కట్టిన బ్రహ్మాండమైన షెడ్డు మైళ్ల దూరానికి కనబడేది. ఎయిర్‌షిప్ 1930 అక్టోబర్ 5న ఫ్రాన్స్‌లో కూలిపోయి కరాచీ చేరనే లేదు, షెడ్డు మాత్రం దశాబ్దాలు నిలబడింది. చిన్న విమానం వెనక అంత షెడ్డు ఉందంటే కరాచీని ముందు పరిశీలించండి.

చోటు, తేదీ కొంత తెలిశాక ఆనాటి వార్తాపత్రికల్లోకి వెళ్లండి. ఆస్ట్రేలియావి ట్రోవ్, డచ్‌వి డెల్ఫర్, ఫ్రెంచివి గాలికా వెబ్‌సైట్లలో ఉచితంగా వెతకవచ్చు. ఆ దేశపు భాషలో, ఆ దేశపు స్పెల్లింగుతో వెతకండి. సాన్ డియేగో ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం తన పాత ఫోటోలు వేల సంఖ్యలో ఫ్లికర్‌లో పెట్టింది, పోల్చుకోవడానికి అంత మంచి చోటు తక్కువ. పోల్చేటప్పుడు ఒకే కోణంలో తీసినవి పక్కపక్కన పెట్టండి. పది పోలికలు కలిసినా, ఒక తేడాకి కారణం చెప్పలేకపోతే పేరు ఇంకా ఖాయం చేయకండి. కిటికీల సంఖ్య వేరైతే ఆ రకంలోనే ఇంకో రూపం కావచ్చు. రెక్క స్తంభాల సంఖ్య వేరైతే మాత్రం అది వేరే విమానం కావడానికే అవకాశం ఎక్కువ.

రాసి పెట్టడం

ఫలితాన్ని మూడు మెట్లుగా రాయండి. ఖాయమైనవి ఒక చోట: "రెండు రెక్కలు, తలకిందుల నాలుగు సిలిండర్ల ఇంజిన్, వీటీతో మొదలయ్యే గుర్తు." బాగా నమ్మదగినవి ఇంకోచోట: "టైగర్ మాత్, రెక్కలు వెనక్కి వాలి ఉన్నాయి కాబట్టి." అనుమానంగా ఉన్నవి విడిగా: "మద్రాసు కావచ్చు, ఫోటో వెనక పెన్సిల్‌తో ఎవరో రాశారు." ప్రతిదాని పక్కన కారణం ఉండాలి. కారణం ఉంటేనే రేపు ఇంకెవరైనా మీ పనిని సరిచూసి ముందుకు తీసుకెళ్లగలరు. కొట్టేసిన పేర్లు కూడా ఎందుకు కొట్టేశారో రాయండి. లేకపోతే తర్వాతివాళ్లు మళ్లీ అదే దారిలో వెళ్తారు.

విమానం తేలకపోతే "1930–1934 మధ్య, ఫ్రెంచ్ రెండు రెక్కల విమానం, రకం తెలియదు" అని రాయడానికి వెనకాడకండి. అది కూడా చక్కటి ఫలితమే. ఒరిజినల్ ఫోటో మీద బాల్‌పెన్ పెట్టొద్దు. ఆమ్లం లేని కాగితపు కవరు తీసుకుని, ఫోటో లోపల పెట్టకముందే కవరు మీద మెత్తటి పెన్సిల్‌తో స్కాన్ ఫైలు పేరు, మీరు రాసిన తేదీ వేయండి. ఫైలు పేరులో మాత్రం విమానం పేరు పెట్టకండి, ఒక వరుస నంబరు చాలు. గుర్తింపు రేపు మారినా నంబరు మారదు.